కుక్క అడిగిన ప్రశ్న, చేప చెప్పిన జవాబు

(శరీరధర్మశాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకుడు డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలవాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి. వినిపించనివాళ్ళకు చెయ్యి ఎత్తమన్న మాట మాత్రం ఎలా వినిపిస్తుందని ఆ మూల ఎవరో నవ్వుతున్నారు. నిజమే, బాబూ. ముప్పై ఏళ్ళు ఇదే తప్పు చేశాను.

మొదటే ఒక మాట చెప్పేస్తాను. నా సంచిలో ఒక సూది ఉంది. చాలా ఏళ్ళుగా నాకు షుగరు. మాత్రలతో నెట్టుకొచ్చి, చివరికి ఇన్సులిన్‌కు వచ్చాను. మీ ప్రిన్సిపాల్ గారు పన్నెండున్నరకు ముగించమన్నారు, ఒంటిగంటకు భోజనాలన్నారు. అంటే పన్నెండున్నరకు నేను మీ ముందే సూది వేసుకోవాలి. ఎవరూ కంగారు పడకండి. సూది చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు ఆ ఒక్క నిమిషం కిటికీ వైపు చూడండి.

ఈ సీసా చూశారా? నీళ్ళలా ఉంది. ఇందులో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చింది? మందుల కొట్టు నుంచి అని ఎవరన్నారు? సరే, కొట్టుకు ముందు? కంపెనీ నుంచి. కంపెనీకి ముందు? అక్కడి నుంచి మొదలుపెడతాను. అక్కడికి వెళ్తే మనకు వరసగా ఒక కుందేలు, ఒక కుక్క, పుట్టని ఒక దూడ, సముద్రం అడుగున బురదలో పడుకునే ఒక అందవికారమైన చేప కనిపిస్తాయి. ఈ రోజు నా కథంతా ఆ చేప గురించే. మిగతావాళ్ళు దాని దగ్గరకు దారి చూపించేవాళ్ళు.

జంతుశాస్త్రం విద్యార్థులు ఎందరున్నారు? చాలామందే ఉన్నారు. మీలాంటివాళ్ళు నన్ను ప్రతి ఏడాదీ అడిగిన ప్రశ్న ఒకటుంది. "సార్, ఏ చేపకు క్లోమం ఎక్కడుంటే మాకెందుకు? కప్ప గుండెకు ఎన్ని గదులుంటే మనిషికి వైద్యం చేసేవాడికి ఏమిటి లాభం?" అప్పట్లో నేను, పరీక్షలో వస్తుంది రాసుకోండి అనేవాణ్ని. సిగ్గుపడాల్సిన జవాబు. దానికి అసలు జవాబు ఇవాళ ఇస్తున్నాను, కొంచెం ఆలస్యంగా.

క్లోమం సంగతి మీకు తెలుసు. జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది. మణికట్టు నుంచి వేలికొస దాకా మన చెయ్యి ఎంత పొడవో, దానికి కాస్త తక్కువ. చూడటానికి ఏమీ గొప్పగా ఉండదు. గుండె కొట్టుకుంటుంది, ఊపిరితిత్తి ఉబ్బుతుంది, ఇది ఏమీ చెయ్యదు, ఊరికే ఉంటుంది. కానీ దాని లోపల ఒకే గోడ మధ్య రెండు కాపురాలున్నాయి. పెద్ద కాపురం జీర్ణరసం తయారుచేసేది. ఆ రసం నాళంలోంచి పేగులోకి వెళ్తుంది. మాంసాన్నైనా కరిగించే రసం అది. చిన్న కాపురం మొత్తం బరువులో నూటికి ఒకటో రెండో పాళ్ళు. అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. దానికి నాళం లేదు.

ఆ చుక్కలను మొదట వివరంగా రాసినవాడు మీ వయసువాడే. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ డాక్టరేటు కోసం కుందేలు క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. వయసు 21. చుట్టూ ఉన్న కణాల కన్నా తేటగా కనిపించే కణాల గుంపులు చూశాడు, ఎలా ఉన్నాయో రాశాడు. ఇవి ఏం చేస్తాయి అన్న చోట మాత్రం తనకు తెలియదని రాశాడు. డాక్టరేటు పుస్తకంలో తెలియదని రాయడానికి ఎంత ధైర్యం కావాలో అధ్యాపకులకు తెలుసు. ముందు వరుసలో నవ్వుతున్నారు, చూడండి. మనం ఇప్పటికీ లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నది ఆ గుంపులనే.

ఇరవై ఏళ్ళు అవి అలాగే ఉండిపోయాయి. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే ఇద్దరికి కొవ్వు జీర్ణం కావడానికి క్లోమం అవసరమా కాదా అన్న విషయం మీద పట్టింపు వచ్చింది. షుగరు ఊసే లేదు. తేల్చుకోవడానికి ఒక కుక్కకు క్లోమం మొత్తం తీసేశారు. కుక్క బతికింది. కానీ ఇంటి అలవాట్లు నేర్చిన ఆ కుక్క కనిపించిన చోటల్లా మూత్రం పోయడం మొదలుపెట్టింది. మింకోవ్‌స్కీ ఆ మూత్రం పరీక్షించాడు. అందులో చక్కెర. మూత్రం చుట్టూ ఈగలు మూగడం చూసి కనిపెట్టారని కథ ఒకటి చెబుతారు. కథ మరీ అందంగా ఉంది, అందుకే నాకు అనుమానం. మన పాత వైద్యులు మధుమేహం అని పేరు పెట్టినప్పుడే మూత్రంలో తీపి ఉంటుందని తెలుసు కదా. చక్కెర ఉండటం కొత్త కాదు. క్లోమం తీసేస్తే చక్కెర రావడం కొత్త.

అయితే, క్లోమంలో ఏది పోయినందుకు చక్కెర వచ్చింది? నాళంలో పోయే రసమా? మింకోవ్‌స్కీ ఇంకొక పని చేశాడు. క్లోమం తీసేసిన కుక్కకు దాని క్లోమం ముక్కనే చర్మం కింద నాటాడు. నాళం లేదు, పేగుతో సంబంధం లేదు. అయినా చక్కెర రాలేదు. ఆ ముక్క తీసేయగానే వచ్చింది. అంటే క్లోమం రక్తంలోకి ఏదో పంపుతోంది. నాళం అక్కర్లేకుండా పంపుతోంది. కుక్క ప్రశ్న అడిగింది. ఆ "ఏదో" ఏమిటి? ఎవరు పంపుతున్నారు?

ఇక్కడే అందరూ చిక్కుకుపోయారు. ముప్పై ఏళ్ళు చిక్కుకుపోయారు. ఎందుకు? చాలా తేలిక అనిపిస్తుంది కదా. క్లోమం తీసుకో, రుబ్బు, వడకట్టు, సూది వెయ్యి. అలాగే చేశారు, చాలామంది చేశారు. కొన్నిసార్లు చక్కెర తగ్గేది, కొన్నిసార్లు తగ్గేది కాదు, చాలాసార్లు జ్వరమో గడ్డో వచ్చేది. ఎందుకంటే ఆ రెండు కాపురాలు ఒకే ఇంట్లో ఉన్నాయి. మీరు రుబ్బగానే పెద్ద కాపురంలోని జీర్ణరసం చిన్న కాపురంలోని మందును నమిలేస్తుంది. మీకు కావలసినది ఒక ప్రోటీను. పక్కనే ఉన్నది ప్రోటీన్లను తినే ట్రిప్సిన్. పాలు, పిల్లి ఒకే గిన్నెలో పెట్టి మూత వేసినట్టు.

విడదీయాలి. ఎలా విడదీస్తారు? ఒక్కొక్క చుక్కనూ సూదిమొనతో ఏరతారా? కుక్క క్లోమంలో ఆ చుక్కలు కంటికి కనిపించవు.

ఇక్కడ మీకు తెలిసిన కథ వస్తుంది, దాన్ని వేగంగా దాటేస్తాను. 1920 అక్టోబరు 31 రాత్రి కెనడాలోని లండన్ అనే ఊళ్ళో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే, ప్రాక్టీసు సరిగా సాగని కుర్ర సర్జనుకు నిద్ర పట్టలేదు. నాళాన్ని ముడి వేస్తే రసం చేసే కణాలు కొన్ని వారాల్లో చచ్చిపోతాయి, చుక్కలు మాత్రం మిగులుతాయి, అప్పుడు తీయవచ్చు అని చీటీ మీద రాసుకున్నాడు. ఆ చీటీలో జబ్బు పేరుకు స్పెల్లింగ్ తప్పు. స్పెల్లింగ్ రానివాళ్ళు ధైర్యంగా ఉండండి. 1921 మే నెలలో టొరంటో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జాన్ మెక్లాయిడ్ ప్రయోగశాలలో చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థితో కలిసి పని మొదలుపెట్టాడు. ఎండాకాలం, పైకప్పు కింద గది, చాలా కుక్కలు చచ్చిపోయాయి. ఆ మాట దాచకూడదు. 33వ కుక్కకు మార్జరీ అని పేరు పెట్టారు. క్లోమం లేకుండా అది సుమారు 70 రోజులు సూదిమందుతో బతికింది.

కానీ నాళం ముడివేసి వారాలు ఆగడం పెద్ద తంతు. బాంటింగ్ రైతుబిడ్డ. పొలం ఉన్న ఇంట్లో పెరిగాడు. ఆవులు బాగా మేసి బరువెక్కాలని కబేళాకు పంపే ముందు చూలు కట్టిస్తారని అతనికి తెలుసు. కాబట్టి కబేళాలో పుట్టని దూడలు దొరుకుతాయి. పుట్టని దూడకు ఇంకా తిండి లేదు, జీర్ణరసం అవసరం లేదు, పెద్ద కాపురం ఇంకా సరిగా కుదురుకోలేదు. చుక్కలు మాత్రం ముందే వచ్చేస్తాయి! 1921 నవంబరులో కబేళాకు వెళ్ళి ఆ క్లోమాలు తెచ్చారు. పని చేశాయి. ఈ ముక్క నాకు ఎంతో ఇష్టం. రెండు కాపురాలను విడదీయడానికి అతను కత్తి వాడలేదు, కాలాన్ని వాడాడు. ఒకటి వచ్చి ఇంకొకటి రాని రోజును వెతికి పట్టుకున్నాడు. అది ప్రయోగశాలలో నేర్చుకున్నది కాదు, పశువుల పాకలో నేర్చుకున్నది.

తర్వాత జేమ్స్ కాలిప్ అనే జీవరసాయనవేత్త వచ్చి ఆల్కహాలు పాళ్ళు మార్చి మార్చి పెద్ద పశువుల క్లోమం నుంచే శుభ్రంగా తీయడం చూపించాడు. అంటే నాళం ముడివేసే తంతే అక్కర్లేదన్నమాట. మొత్తం కథకు నిప్పు పెట్టిన ఆలోచన, చివరికి చూస్తే అనవసరం. 1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటి సూది వేశారు. 30 కిలోలు కూడా లేడు. చక్కెర కాస్త తగ్గింది, సూది వేసిన చోట గడ్డ కట్టింది. జనవరి 23న కాలిప్ శుద్ధి చేసినది వేశారు. ఈసారి మూత్రంలో చక్కెర దాదాపు పోయింది. అంతకు ముందు ఏడాదే రొమేనియాలోని బుకారెస్ట్‌లో నికొలాయ్ పౌలెస్కు కూడా క్లోమం రసంతో కుక్కల్లో చక్కెర తగ్గించి ప్రచురించారు. నోబెల్ బహుమతి ఎవరికి రావాలి, ఎవరికి రాలేదు అన్న తగాదా వంద ఏళ్ళుగా నడుస్తోంది. మీకు ఆసక్తి ఉంటే భోజనాల దగ్గర చెబుతాను. అది మనుషుల కథ. మనం చేప దగ్గరకు వెళ్దాం.

1922 వేసవి. మందు పనిచేస్తోంది. పిల్లలు బతుకుతున్నారు. పేరు కూడా పెట్టేశారు, ఇన్సులిన్. లాటిన్‌లో ఇన్సులా అంటే ద్వీపం, చిన్న ద్వీపాల్లా ఉన్న ఆ పుటికల నుంచి వస్తుంది కాబట్టి. వస్తుందని ఎవరు చెప్పారు? ఆగి ఆలోచించండి. పెద్ద పశువు క్లోమం మొత్తం రుబ్బి తీస్తున్నారు. అందులో రెండు కాపురాలూ ఉన్నాయి. చుక్కల నుంచే వస్తోందని అందరూ అనుకుంటున్నారు, పేరు కూడా ఆ నమ్మకంతోనే పెట్టారు. తేల్చి చూపినవారు లేరు. నామకరణం అయింది, తల్లి ఎవరో రూఢి కాలేదు.

మెక్లాయిడ్ ఏం చేశారంటే, టొరంటో వదిలి సముద్రం ఒడ్డుకు వెళ్ళారు. న్యూ బ్రన్స్‌విక్‌లో సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊరు, అక్కడ సముద్ర జీవుల పరిశోధన కేంద్రం ఉంది. బాంటింగ్ పేరు పత్రికల్లో మారుమోగుతున్న రోజుల్లో ఈయన చేపలు కోస్తూ కూర్చున్నారు. ఎందుకు? తులనాత్మక శరీరనిర్మాణం చదివినవాళ్ళకు ఎప్పటి నుంచో తెలిసిన ఒక సంగతి ఉంది. కొన్ని ఎముకల చేపల్లో ఆ రెండు కాపురాలు ఒకే ఇంట్లో ఉండవు. పుటికలన్నీ ఒకచోట చేరి విడిగా ఒక గోళంలా ఉంటాయి, పిత్తాశయం దగ్గర. పల్చని తొడుగు కప్పుకుని, కొన్ని చేపల్లో బఠాణీ గింజంత. కంటికి కనిపిస్తుంది. చేత్తో తీయవచ్చు. బ్రాక్‌మన్ గోళాలు అంటారు.

ఆయన వాడిన చేపల్లో ఒకటి ఆంగ్లర్ చేప. మీరు చూడకపోవచ్చు. సగం ఒళ్ళు నోరే. తలమీద గాలం కర్రలాంటిది మొలిచి ఉంటుంది, దాని చివర ఎరలాంటి తోలు తునక. బురదలో పడుకుని దాన్ని ఆడిస్తుంది. దగ్గరకు వచ్చిన చేపను మింగేస్తుంది. జాలరి చేప అనవచ్చు మనం. ఇంకొకటి ముళ్ళ తల ఉన్న స్కల్పిన్ అనే చేప. మెక్లాయిడ్ గోళాలను విడిగా కోసి తీశారు, ఆల్కహాలుతో సారం తీశారు, కుందేళ్ళకు ఎక్కించారు. రక్తంలో చక్కెర పడిపోయింది. అదే చేపలో జీర్ణరసం చేసే భాగాన్ని విడిగా తీసి అలాగే చేశారు. ఏమీ జరగలేదు.

అంతే. ప్రయోగం అంతే. కత్తెర, సీసా, ఆల్కహాలు, కుందేలు. ముప్పై మూడేళ్ళ కిందట కుక్క అడిగిన ప్రశ్నకు చేప జవాబు చెప్పింది. చేపకు ఈ విషయం ఎప్పుడూ తెలుసు. అడిగినవాళ్ళే ఆలస్యంగా వచ్చారు.

ఏమమ్మా, ఏదో అడుగుతున్నారు? గట్టిగా చెప్పండి. అందరికీ వినిపించలేదు, నేను మళ్ళీ చెబుతాను. "చేపలో విడిగా ఉంటాయని ముందే తెలిస్తే, కుక్కల దగ్గర ఆగకుండా నేరుగా చేపతోనే ఎందుకు మొదలుపెట్టలేదు?" చాలా మంచి ప్రశ్న. మొదలుపెట్టినవాళ్ళున్నారు! స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ రెన్నీ, ఫ్రేజర్ అనే ఇద్దరు 1907లోనే చేపల గోళాలు తీసి షుగరు రోగులకు ఇచ్చారు. బాంటింగ్ కన్నా 15 ఏళ్ళ ముందు. మరి ఎందుకు గెలవలేదు? ఎక్కువగా నోటితో తినిపించారు. మందు ప్రోటీను. పొట్టలోకి వెళ్ళింది, పొట్ట దాన్ని చేపకూరలాగే జీర్ణం చేసేసింది. సరైన జంతువు, తప్పు దారి. ఆ రోజుల్లో రక్తంలో చక్కెర కొలవడానికి చాలా రక్తం కావాల్సి వచ్చేది, గంటగంటకూ చూసుకోవడం కుదిరేది కాదు. 1920 నాటికి కొన్ని చుక్కలతో కొలిచే పద్ధతులు వచ్చాయి. నన్నడిగితే బాంటింగ్ విజయంలో కుక్కలకు ఎంత భాగముందో ఆ కొలతకు అంత భాగముంది. కొలత లేకపోతే జంతువు జవాబు చెప్పినా మనకు వినపడదు.

కుందేళ్ళ గురించి ఒక మాట. కాలిప్ తన సారాలను కుందేళ్ళ మీద చూసేవాడు. ఎక్కువైతే వాటికి మూర్ఛ వచ్చేది, గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూర్చునేవి. మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ వాడుతుంటే "యూనిట్లు" అనే మాట విని ఉంటారు. పొద్దున పది యూనిట్లు, రాత్రి ఎనిమిది. మొదట ఆ యూనిట్ అంటే ఒక కుందేలు! 24 గంటలు పస్తుంచిన సుమారు 2 కిలోల కుందేలుకు రక్తంలో చక్కెరను 45 మిల్లీగ్రాములకు దించే మోతాదు. అది మనుషులకు ఎక్కువైపోతోందని తర్వాత మూడో వంతు చేశారు. ఇప్పుడు బరువుతో లెక్కగడతారు గానీ, మన సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని రాసి ఉంటే ఆ అంకె వెనక ఎక్కడో ఒక పస్తున్న కుందేలు ఉంది.

ఇప్పుడు ఈ కథలోకి డెన్మార్క్ నుంచి ఒక పెద్దాయన వస్తాడు. ఆగస్ట్ క్రోగ్. కప్ప కండరంలోని కేశనాళికలను చూసి, పని చేసేటప్పుడు అవి ఎలా తెరుచుకుంటాయో చెప్పినందుకు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య మేరీ క్రోగ్ డాక్టరు, తానూ పరిశోధకురాలు, ఆమెకు షుగరు. 1922లో వాళ్ళు అమెరికా వెళ్ళినప్పుడు టొరంటోకు కూడా వెళ్ళమన్నది ఆమే. క్రోగ్ వెళ్ళి చూసి, తయారీకి అనుమతి తీసుకుని డెన్మార్క్ వచ్చి ఇన్సులిన్ తయారుచేయించాడు. 1923 నోబెల్‌కు బాంటింగ్, మెక్లాయిడ్ పేర్లు పంపినవారిలో ఆయన ఒకరు.

క్రోగ్‌ను తెచ్చింది అందుకు కాదు. 1929లో బోస్టన్‌లో శరీరధర్మశాస్త్రజ్ఞుల ప్రపంచ మహాసభలో ఆయన ఒక ప్రసంగం చేశాడు. అందులో ఒక మాట అన్నాడు. చాలా సమస్యలకు, వాటిని అన్నిటికన్నా తేలికగా పరిశీలించడానికి కుదిరే జంతువు ఒకటి ఎక్కడో ఉంటుంది, అని. దాన్ని ఇప్పుడు క్రోగ్ సూత్రం అంటారు. తన గురువు క్రిస్టియన్ బోర్ గురించి కూడా చెప్పాడు. బోర్‌కు రెండు ఊపిరితిత్తుల పని విడివిడిగా చూడాలని ఉండేది. వెతికితే ఒక రకం తాబేలు దొరికింది, దాని శ్వాసనాళం మెడలో పైనే రెండుగా చీలిపోతుంది. ఒక్కొక్క కొమ్మకు ఒక్కొక్క గొట్టం పెట్టేయవచ్చు. ఈ తాబేలును దేవుడు శ్వాసక్రియ పరిశోధన కోసమే ప్రత్యేకంగా పుట్టించాడని ప్రయోగశాలలో వేళాకోళం ఆడేవారట. ఇలాంటి జంతువులు ఇంకా చాలా ఉన్నాయి, ఎవరి కోసం పుట్టాయో వాళ్ళకు ఆ సంగతి తెలియదు, జంతుశాస్త్రజ్ఞులను అడిగి వెతుక్కోవాలి అన్నాడు క్రోగ్. జంతుశాస్త్రం విద్యార్థులారా, విన్నారా? అడిగి వెతుక్కోవాలి అన్నది మిమ్మల్నే.

తర్వాత స్క్విడ్ అనే సముద్ర జీవి వచ్చింది. దాని ఒంట్లో ఒక నాడీతంతువు అర మిల్లీమీటరు, కొన్నిట్లో ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. మన నాడీతంతువులతో పోలిస్తే మోకు. లోపలికి తీగ దూర్చవచ్చు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అలా దూర్చే నాడిలో విద్యుత్తు ఎలా పరుగెత్తుతుందో 1952లో లెక్క కట్టారు. మీ పాఠంలో గీసే ఆ గ్రాఫు స్క్విడ్‌ది. మనిషిది అనుకుని గీస్తున్నారు.

నేను ఇలా చెబుతుంటే మీకు ఒక అనుమానం రావాలి. ఏ జంతువులో చూసినా మనిషికి సరిపోతుందా? సరిపోదు. గినీపిగ్ ఇన్సులిన్ మన ఇన్సులిన్‌కు చాలా దూరం. పంది ఇన్సులిన్‌కూ మన ఇన్సులిన్‌కూ 51 అమైనో ఆమ్లాల్లో ఒక్కదాంట్లో తేడా. ఎద్దుకు మూడింట్లో. గినీపిగ్ మాత్రం ఎంతో తేడా, అది తన దారిన తాను పోయింది. ప్రయోగాల జంతువుకు మారుపేరైన జీవే ఇక్కడ పనికిరాకుండా పోయింది. పోలిక ఉంటుందని నమ్మి వెళ్ళడం కాదు, పోలిక ఎంత ఉందో చూసుకుని వెళ్ళాలి.

ఆ ఒక్క తేడా పుణ్యమా అని అరవై ఏళ్ళు మనుషులు పందుల, ఎద్దుల ఇన్సులిన్‌తో బతికారు. సుమారు 8 ఔన్సుల ఇన్సులిన్‌కు, అంటే పావు కిలో కూడా కాదు, రెండు టన్నుల పంది క్లోమాలు కావాల్సి వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్‌లో చేపల నుంచే తీశారు. షాంఘైలో ఇరుక్కుపోయిన ఈవా సాక్సల్ అనే యువతి కథ ఇంకా గొప్పది. ఆమెకు షుగరు, ఊళ్ళో మందు అయిపోయింది. భర్తతో కలిసి ఒక వైద్య గ్రంథం ముందు పెట్టుకుని గేదె క్లోమాల నుంచి ఇన్సులిన్ తీసింది. గోధుమ రంగులో వచ్చింది. కుందేళ్ళ మీద చూసుకుని, తర్వాత తానే సూది వేసుకుంది. బతికింది, పక్కవాళ్ళనూ బతికించింది. గేదె! మన పాడి గేదెకు ఈ చరిత్ర ఉందని నాకు రిటైరయ్యాక తెలిసింది.

1978లో మనిషి ఇన్సులిన్ జన్యువును బాక్టీరియాలో పెట్టి చేయించారు, 1982లో అది మందుల కొట్లకు వచ్చింది. నా సీసాలో ఉన్నది ఆ తరహాదే. కబేళాకు సెలవు. చేపకు కూడా సెలవే అనుకున్నారు అందరూ.

లేదు. మన జాలరి చేప మళ్ళీ వచ్చింది.

1960లలో ఒక వింత గమనించారు. గ్లూకోజును నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే వచ్చే ఇన్సులిన్ కన్నా, అదే గ్లూకోజు తాగితే ఎక్కువ వస్తోంది. అంటే పేగు క్లోమానికి కబురు పంపుతోంది, తిండి వచ్చింది సిద్ధంగా ఉండు అని. ఆ కబురు ఏమిటి? పేగులో రకరకాల కణాలు కలగలిసి ఉన్నాయి. మళ్ళీ అదే చిక్కు. బోస్టన్‌లో జోయెల్ హాబెనర్ బృందం గ్లుకగాన్ అనే ఇంకొక క్లోమ హార్మోను జన్యువును వెతుకుతోంది. ఆ రోజుల్లో క్షీరదాల జన్యువులను బాక్టీరియాలో పెట్టడం మీద అమెరికాలో కట్టుబాట్లు గట్టిగా ఉండేవి. వాళ్ళు జాలరి చేపను తెచ్చుకున్నారు. అదే గోళం, అరవై ఏళ్ళ కిందట మెక్లాయిడ్ కత్తెర పడిన గోళం. హార్మోన్లు చేసే కణాలు తప్ప దాదాపు ఏమీ లేని ముద్ద. 1982లో ఆ జన్యువు చదివితే గ్లుకగాన్ పక్కనే దాన్ని పోలిన ఇంకొకటి దాక్కుని ఉంది. మరుసటి ఏడాది క్షీరదాల జన్యువులోనూ అలాంటివి దొరికాయి. 1987 నాటికి స్వెత్లానా మొయ్‌సోవ్, హాబెనర్, డెన్మార్క్‌లో యెన్స్ హోల్స్ట్, వీళ్ళ పనితో పేగు పంపే కబుర్లలో ముఖ్యమైనది ఒకటి అక్కడిదేనని తేలింది. జీఎల్‌పీ-1. ఇప్పుడు బరువు తగ్గడానికి వారానికి ఒక సూది అని పత్రికల్లో చదువుతున్నారు కదా, ఆ మందుల తాత ఇది.

కానీ ఆ కబురు రక్తంలో రెండు నిమిషాలు కూడా నిలవదు. మందుగా ఎలా వాడతారు? దానికి ఇంకొక జంతువు జవాబు చెప్పింది. అరిజోనా ఎడారిలో గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. ఏడాదిలో కొద్దిసార్లే తింటుంది. 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టరు దాని విషంలో మన జీఎల్‌పీ-1కు సగానికి సగం పోలిన ఒక పదార్థం కనిపెట్టాడు. అది గంటలు నిలుస్తుంది. 2005లో మందుగా వచ్చింది. ఎవరో తొండ ఉమ్ములో మందుందని చెబితే మనం నవ్వేవాళ్ళం.

చూడండి, పన్నెండు ఇరవై ఎనిమిది. నేను సూది సిద్ధం చేసుకుంటూ చివరి జంతువు గురించి చెబుతాను. మైకు కాస్త ఇటు వంచండి బాబూ. థాంక్స్.

ఇది శంకు నత్త. మీరు తీరంలో ఏరుకునే అందమైన గవ్వల చుట్టాల్లో ఒకటి. కోనస్ జియోగ్రాఫస్ అని పేరు. నత్త చేపను పట్టి తింటుంది! నత్త చేపను ఎలా పట్టుకుంటుంది? పరుగెత్తలేదు కదా. నీళ్ళలోకి ఇన్సులిన్ వదులుతుంది. చేప మొప్పల్లోంచి అది లోపలికి వెళ్తుంది, చక్కెర పడిపోతుంది, చేప మత్తుగా తూలుతుంది, నత్త నోరు సంచిలా తెరిచి మింగేస్తుంది. యూటా విశ్వవిద్యాలయంలో హెలెనా సఫావి, బాల్డొమెరో ఒలివెరా బృందం 2015లో దీన్ని ప్రచురించింది. తమాషా ఏమిటంటే ఆ ఇన్సులిన్ నత్తల ఇన్సులిన్‌లా లేదు, చేపల ఇన్సులిన్‌లా ఉంది. శత్రువు తాళంచెవికి మారుచెవి చేయించుకుంది.

అందులో నాకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అమ్మాయిలు కిటికీ వైపు చూడండి, వేసుకుంటున్నాను. ఆ, అయిపోయింది. ఏమీ లేదు, చీమ కుట్టినంత. మన ఇన్సులిన్ అణువులు సీసాలో ఆరేసి కలిసి, జింకును మధ్యలో పెట్టుకుని గుండ్రంగా కూర్చుంటాయి. చర్మం కింద ఆ గుంపు విడిపోయి ఒక్కొక్కటిగా రక్తంలోకి వెళ్ళాలి. దానికి సమయం పడుతుంది. అలా గుంపు కట్టడానికి పట్టు ఇచ్చే తోక భాగం నత్త ఇన్సులిన్‌లో లేదు. 43 అమైనో ఆమ్లాలే. గుంపు లేదు, ఎదురుచూపు లేదు, చేప పారిపోయే లోపు పని అయిపోవాలి కదా. ఆ నమూనాతో వెంటనే పనిచేసే మందు చేయవచ్చా అని ఇప్పుడు చూస్తున్నారు.

నా సీసాలో ఉన్నది పాత రకం. ఇప్పుడు వేసుకున్నాను, ఆ ఆరుగురు విడిపోయేదాకా అరగంట ఆగి భోంచేయాలి. కాబట్టి మనకు సరిగ్గా అరగంట ఉంది. ప్రశ్నలు అడగండి.